బరువులెత్తే అబ్బాయికి భుజం భద్రం!

ఈ వారం ఉత్తరం నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి వచ్చింది. రాసిన సోదరి పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఉత్తరం మాత్రం ఆమె మాటల్లోనే చదవండి.

"అక్కయ్యకు నమస్కారం. మా పెద్దోడు డిగ్రీ అయిపోయి కానిస్టేబులు సెలక్షన్లకని తయారవుతుండాడు. ఛాతీ కొలత చాలదని ఎవరో చెప్పినారంట, అప్పట్నించి జిమ్ముకు పోతుండాడు. అక్కడ పిలకాయలంతా బెంచీ మీద పొణుకోని ఇనప కడ్డీ ఎత్తి దించుతారంట. పది దినాల నుంచి వాడికి కుడి భుజం నొప్పి. నాతో చెప్పడు. చొక్కా విప్పేటప్పుడు పళ్ళు బిగబడతాడు, రాత్రి ఆ పక్కకు తిరిగి పొణుకోడు. అమ్మను కదా, నాకు తెలీదా? నేను మానెయ్ రా అంటాను. వాళ్ళ నాయన మగపిలకాయ ఆ మాత్రం ఓర్చుకోవాల అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట రైటు అక్కయ్యా?"

చెల్లీ, మీ ఇద్దరి మాటల్లోనూ ప్రేమే ఉంది గానీ, రెండూ పూర్తిగా రైటు కాదు. ఓర్చుకుని అదే బరువు అలాగే ఎత్తితే చిన్న నొప్పి పెద్దదవుతుంది. పూర్తిగా మానేసి చెయ్యి కదపకుండా కూర్చుంటే భుజం బిగుసుకుంటుంది, బలం పోతుంది. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. అది మీ అబ్బాయికే కాదు, జిమ్ముకు పోయే పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఇంతకీ ఈ బెంచీ వ్యవహారమేమిటి?

దీన్ని బెంచ్ ప్రెస్ అంటారు. సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో ఇనప కడ్డీ పట్టుకుని, ఛాతీ దాకా దించి మళ్ళీ పైకి నెట్టాలి. ఛాతీ కండలు, భుజం ముందు కండలు, చేతి వెనక కండలు పని చేస్తాయి.

బరువెంతో మన లెక్కలో చెప్పుకుందాం. పెద్ద జిమ్ముల్లో వాడే ఖాళీ కడ్డీయే 20 కిలోలు. మనింటి గ్యాసు సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు, సిలిండరుతో కలిపితే మొత్తం దాదాపు 30 కిలోలు. అంటే 60 కిలోలు ఎత్తుతున్నానని అబ్బాయి గొప్పగా చెప్పాడంటే, రెండు నిండు సిలిండర్లు ఛాతీ మీద పెట్టుకుని పైకి నెడుతున్నాడన్న మాట! వాటి భారమంతా మోసే కీళ్ళు రెండే, కుడి భుజం, ఎడమ భుజం.

బరువులెత్తడం తప్పని మాత్రం అనుకోకండి. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోలు ఒక పద్ధతిలో, 130 కిలోలు మరో పద్ధతిలో, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమెది నిలబడి తల మీదికి ఎత్తే ఆట. బెంచ్ ప్రెస్ ఉండేది పవర్ లిఫ్టింగ్ అనే వేరే ఆటలో. వికలాంగ క్రీడాకారులు పారాలింపిక్స్‌లో పోటీ పడే పవర్ లిఫ్టింగ్ అయితే పూర్తిగా ఈ బెంచ్ ప్రెస్సే. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో మన దేశానికి చెందిన రాజిందర్ సింగ్ రహేలు ఇందులోనే కంచు పతకం గెలిచాడు. కాబట్టి పద్ధతిగా చేస్తే ఇది మంచి వ్యాయామమే. చిక్కంతా పద్ధతి తప్పినప్పుడూ, తొందరపడినప్పుడూ వస్తుంది.

సెలక్షన్లకు ఇది ఎంతవరకు అవసరం?

ఈ సంగతి ముందు తేల్చుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది. 2022 నవంబరులో మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబులు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అలాంటి సెలక్షన్లలో మగపిల్లలకు పెట్టే దేహదారుఢ్య పరీక్షలు 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్. వీటిలో బెంచ్ ప్రెస్ లేనే లేదు! ఛాతీ కొలత మాత్రం ఉంది. 86.3 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఊపిరి నిండా పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్లు పెరగాలి. ఏజెన్సీ గిరిజన అభ్యర్థులకు కొలతల్లో సడలింపు ఉంది. అబ్బాయి ఏ ఉద్యోగానికి పోతున్నాడో ఆ నోటిఫికేషన్ ఒకసారి మీరే దగ్గర కూర్చుని చదివించుకోండి.

ఇప్పుడు కుట్టుమిషను పెట్టెలోంచి మీ టేపు తీసి, అబ్బాయి ఛాతీ చుట్టూ పెట్టి చూడండి. టేపు ఎక్కడెక్కడి నుంచి పోతోంది? ముందు ఛాతీ మీదుగా ఎంత పోతోందో, వెనక వీపు మీదుగా కూడా దాదాపు అంతే పోతోంది కదా! మరి కండ ముందు పెంచితేనే కొలత పెరుగుతుందా? చంకల కింద నుంచి నడుం దాకా వీపుకు ఇరువైపులా ఉండే వెడల్పాటి కండలు పెరిగినా కొలత పెరుగుతుంది. ఆ కండలు పెంచేది నెట్టే వ్యాయామం కాదు, లాగే వ్యాయామం. పైగా వీపు బలమే భుజానికి కాపలా. జిమ్ములో పిల్లలు అద్దంలో కనబడే ఛాతీని పెంచుకుంటారు గానీ, అద్దంలో కనబడని వీపును మరిచిపోతారు. భుజం నొప్పికి పెద్ద కారణాల్లో అదొకటి.

ఇక ఊపిరి పీల్చినప్పుడు పెరగాల్సిన ఆ 5 సెంటీమీటర్లు బరువులెత్తితే రావు. రోజూ ఉదయం పది నిమిషాలు నిదానంగా, పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా గాలి పీల్చి వదలడం సాధన చెయ్యాలి. దానికి డబ్బూ అక్కర్లేదు, జిమ్మూ అక్కర్లేదు.

భుజం ఎందుకంత సున్నితం?

ఉదయగిరి చెక్క గరిటెలు మీకు తెలిసే ఉంటాయి. చుట్టుపక్కల కొండల్లో దొరికే చెక్కతో అక్కడి కళాకారులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చెంచాలు, గరిటెలు, ఫోర్కులు ముచ్చటగా చెక్కుతారు. ఆ గరిటెల్లో లోతు తక్కువగా ఉన్నదొకటి తీసుకుని దాని గుంటలో ఒక నిమ్మకాయ పెట్టండి. నిలబడుతుంది గానీ, చెయ్యి కొంచెం ఊగితే దొర్లి పడుతుంది. మన భుజం కీలు సరిగ్గా అలాంటిదే. చేతి ఎముక పై భాగం నిమ్మకాయలా గుండ్రంగా ఉంటుంది, అది కూర్చునే గుంట దానికన్నా చాలా చిన్నది, లోతు లేనిది. అలా ఉండబట్టే మన చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది. జడ వేసుకోవాలన్నా, అటక మీద డబ్బా అందుకోవాలన్నా ఆ వెసులుబాటు కావాలి.

మరి ఆ నిమ్మకాయ దొర్లిపోకుండా పట్టుకునేదెవరు? చుట్టూ ఉండే నాలుగు చిన్న కండరాలు. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగాన్ని టెండన్ అంటారు. కండ త్వరగా పెరుగుతుంది, టెండన్ నిదానంగా గట్టిపడుతుంది. అబ్బాయి రెండు నెలల్లో ఛాతీ కండ పెంచి బరువు రెట్టింపు చేస్తాడు, టెండను మాత్రం ఇంకా పాత బలంతోనే ఉంటుంది. తాడుకు మించిన బరువు కడితే ఏమవుతుందో బావిలో బొక్కెన వేసిన వాళ్ళకు చెప్పాలా?

నొప్పి తెచ్చే అలవాట్లు

మొదటిది, మోచేతులు రెండు పక్కలకూ పూర్తిగా చాపి, శిలువ ఆకారంలో కడ్డీ దించడం. దీంతో భుజం ముందు భాగం మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది.

రెండోది, కడ్డీని మరీ ఎడంగా పట్టుకోవడం.

మూడోది, కడ్డీని మెడ వైపు దించడం, లేదా ఛాతీ మీద బంతిలా ఎగరేసి ఆ ఊపుతో పైకి లేపడం.

నాలుగోది, పక్కవాడు ఎత్తాడని పందెం కట్టి ఒకేసారి పది, ఇరవై కిలోలు పెంచెయ్యడం.

అయిదోది, రోజూ అదే చెయ్యడం. కండకూ టెండనుకూ విశ్రాంతి దినం లేకపోతే అరుగుదలే గానీ పెరుగుదల ఉండదు.

ఇంట్లోనే పరీక్ష పెట్టండి

జిమ్ముకు వెళ్ళి చూడడం మీకు కుదరకపోవచ్చు. చీపురు కర్ర చాలు. అబ్బాయిని సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, కర్ర పట్టుకుని ఎలా చేస్తాడో చేసి చూపించమనండి. మీరు చూడాల్సినవి ఇవి:

పాదాలు రెండూ నేల మీద గట్టిగా ఆనాయా?

వీపు మీద రెక్కల్లా ఉండే ఎముకలు రెండింటినీ వెనక్కి దగ్గరగా లాగి, కిందికి దించి, బల్లకు అదిమి ఉంచాడా? భుజాలు చెవుల వైపు లేవకూడదు.

కర్ర దించినప్పుడు అది చనుమొనల దగ్గర గానీ, కొంచెం కిందగా గానీ ఆనుతోందా?

మోచెయ్యి ఒంటికి అతుక్కుని లేదు, పూర్తిగా పక్కకూ పోలేదు, మధ్యస్థంగా ఉందా? పైనుంచి చూస్తే బాణం మొన ఆకారం కనబడాలి.

చేతుల మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కొంచెమే ఎక్కువ ఉందా? ఒకటిన్నర రెట్లు దాటకూడదు.

బొటనవేలు కడ్డీ చుట్టూ తిప్పి పట్టుకున్నాడా? కొందరు బొటనవేలు చుట్టకుండా అరచేతిలో ఆనించుకుంటారు. కడ్డీ జారితే మెడ మీదో ఛాతీ మీదో పడుతుంది.

ఈ ఆరూ సరిగ్గా ఉంటే సంతోషం. లేకపోతే కర్రతోనే వారం రోజులు సాధన చేయించండి. కర్రతో రాని పద్ధతి కడ్డీతో రాదు.

జిమ్ములో మరి నాలుగు నియమాలు పెట్టండి. ఎప్పుడూ ఖాళీ కడ్డీతో మొదలుపెట్టి, మెల్లగా బరువు వేసుకోవాలి. తల దగ్గర ఒక మనిషి నిలబడకుండా బరువైన కడ్డీ ముట్టకూడదు. ఒకే బరువుతో పది పది సార్లు మూడు విడతలు సునాయాసంగా చేశాకే, అదీ రెండున్నర కిలోలు మాత్రమే, పెంచాలి. వారానికి రెండుసార్లకు మించి బెంచీ ఎక్కకూడదు. తొలిరోజుల్లో ఈ లెక్క చాలు.

నెట్టిన దానికి సమానంగా లాగాలి

ఈ ఉత్తరం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటామంటే ఈ మాట గుర్తుంచుకోండి. ఎన్నిసార్లు నెట్టాడో కనీసం అన్నిసార్లు లాగాలి. నడుం దగ్గర వంగి, వీపు తిన్నగా ఉంచి, బరువును పొట్ట వైపు లాగడం ఒక పద్ధతి. జిమ్ములో పైనుంచి వేలాడే కడ్డీని ఛాతీ దాకా లాగడం మరొకటి. ఇంట్లో అయితే, కదలని కిటికీ చువ్వకు పాత సైకిల్ ట్యూబు కట్టి, మోచేతులు వెనక్కి పోయేలా లాగితే చాలు. గుడ్డ సంచిలో అయిదు కిలోల బియ్యం వేసి ఒక చేత్తో లాగినా మంచిదే. ముందు వీపు పని, తరువాతే ఛాతీ పని అని కొన్నాళ్ళు వరస మార్చమనండి. భుజానికి అండ దొరుకుతుంది, టేపులో కొలతా పెరుగుతుంది.

నొప్పి వచ్చేసింది, ఇప్పుడేం చెయ్యాలి?

చెల్లీ, మీ అబ్బాయి పరిస్థితి ఇదే కాబట్టి దశలవారీగా చెబుతాను.

మొదటి వారం: ఏ పని చేస్తే నొప్పి పుడుతుందో ఆ పని ఒక్కటీ ఆపాలి. బెంచీ ఆపాలి గానీ పరుగు ఆపనక్కర్లేదు. పరుగులో భుజం నొప్పి పెడితే వేగంగా నడిస్తే చాలు. సెలక్షన్లలో మార్కులు తెచ్చేది కాళ్ళే కదా! నొప్పి ఎక్కువగా ఉంటే ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టవచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. రోజుకు మూడుసార్లు, ముందుకు వంగి, మంచి చేత్తో బల్ల పట్టుకుని, నొప్పి చేతిని గోడ గడియారం లోలకంలా వదులుగా ఊపాలి. రాత్రి వెల్లకిలా పడుకుని మోచేతి కింద చిన్న దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

రెండు, మూడు వారాలు: గోడ మీద వేళ్ళతో సాలెపురుగులా పైకి పాకించడం. మోచెయ్యి ఒంటికి ఆనించి, మడిచిన టవలు మధ్యలో పెట్టుకుని, పిడికిలితో ద్వారబంధాన్ని బయటివైపు, లోపలివైపు నెట్టి పది లెక్కించేదాకా పట్టి ఉంచడం. ద్వారబంధం కదలదు, కండరం మాత్రం పని చేస్తుంది.

నాలుగు నుంచి ఆరు వారాలు: సైకిల్ ట్యూబుతో అదే కదలిక, ట్యూబును వెనక్కి లాగడం, గోడకు చేతులు ఆనించి దండీలు. గోడ దండీలు తేలికయ్యాక గట్టి బల్ల మీద, ఆ తరువాత నేల మీద.

ఆ తరువాత: బెంచీ మీద కాదు, నేల మీద పడుకుని చిన్న డంబెల్స్‌తో నెట్టాలి. మోచెయ్యి నేలకు ఆనగానే ఆగిపోతుంది కాబట్టి భుజం మరీ కిందికి సాగదు. ఇది రెండు వారాలు నొప్పి లేకుండా సాగితే, ఖాళీ కడ్డీతో బెంచీ ఎక్కవచ్చు. పాత బరువులో సగంతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుకుంటూ పోవాలి.

ఎంత నొప్పి దాకా ఫరవాలేదు? నొప్పికి పదికి మార్కులు వెయ్యమనండి. రెండో మూడో అని, మర్నాటికల్లా తగ్గిపోతే ఆ వ్యాయామం సాగించవచ్చు. నాలుగు దాటినా, రాత్రి నిద్ర చెడినా, మర్నాడు ఎక్కువైనా ఒక మెట్టు కిందికి దిగాలి. చాలా భుజాలు ఆరు నుంచి పన్నెండు వారాల్లో దారికొస్తాయి. టెండను నిదానంగా మానే స్వభావం గలది. దాన్ని తొందరపెట్టలేం.

ఇవి మాత్రం చెయ్యకండి

గట్టిగా మర్దనా చేయించి, చెయ్యి విదిలించి లాగించకండి. మన వైపు చెయ్యి విరిగినా బెణికినా పుత్తూరు కట్టుకు పోయే అలవాటు తరతరాలుగా ఉంది. భుజం విషయంలో మాత్రం ముందు ఎక్స్‌రే తీయించి, డాక్టరు చూసేదాకా కట్టు మాట తలపెట్టకండి. తెగిన టెండను కట్టుతో అతకదు. మామూలు నొప్పికి వారాల తరబడి చెయ్యి కట్టి ఉంచితే కీలు బిగుసుకుంటుంది.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు రోజుల తరబడి మింగించకండి. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని అందులోంచే వస్తాయి. పైగా బిళ్ళ వేసుకుని నొప్పి తెలియకుండా బరువెత్తడమంటే, పొయ్యి మీద చెయ్యి పెట్టి మంట తెలియకుండా మత్తు ఎక్కించుకోవడమే.

"కండ త్వరగా వస్తుంది" అని ఎవరైనా ఇంజెక్షన్లు, బిళ్ళలు ఇవ్వబోతే ససేమిరా వద్దనండి. కండ పెంచే స్టెరాయిడ్లతో కండ ఉబ్బినంత వేగంగా టెండను గట్టిపడదు, అది తెగే ప్రమాదం ఎక్కువ. గుండెకూ, కాలేయానికీ, రేపు పిల్లలు పుట్టే శక్తికీ దెబ్బ తగులుతుంది. ఇది తల్లి మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న.

ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి

ఎత్తుతుండగా ఛాతీలోనో చంక దగ్గరో "టప్"మని శబ్దం వచ్చి, నల్లగా కమిలి, ఛాతీ ఒక పక్క ఆకారం మారితే ఛాతీ కండరం తెగి ఉండవచ్చు. బెంచ్ ప్రెస్‌లో ఈ ప్రమాదం ప్రత్యేకంగా ఉంది. దీనికి ఆపరేషను అవసరమైతే తొలి వారాల్లో చేయించుకుంటేనే ఫలితం బాగుంటుంది. నెలలు గడిపితే కష్టం.

భుజం ఆకారం చదునుగా మారి, చెయ్యి కదపలేకపోతే కీలు తొలిగిందని అనుమానించాలి. ఇంట్లో ఎవరూ లాగకూడదు. చెయ్యి ఎలా ఉందో అలాగే చున్నీతో మెడకు వేలాడదీసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చెయ్యి పైకి అసలు లేవకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, జ్వరంతో భుజం వాచి ఎర్రబడినా ఆగకూడదు. ఇవేవీ లేకపోయినా మూడు వారాలు జాగ్రత్త పడ్డాక కూడా నొప్పి తగ్గకపోతే చూపించాలి. ముందు మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో చూపించి, అవసరమైతే నెల్లూరు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు.

మరి అమ్మ భుజం సంగతి?

అబ్బాయి భుజం గురించి రాసిన తల్లి తన భుజం గురించి ఒక్క మాటా రాయలేదు. మనమంతే! రుబ్బినా, ఉతికినా, చపాతీ ఒత్తినా, గరిటెలు చెక్కినా చెయ్యి ముందుకే పోతుంది. వెనక్కి లాగే పని రోజు మొత్తంలో ఎంత? పైన చెప్పిన సైకిల్ ట్యూబు అబ్బాయితో పాటు మీరూ పదిసార్లు లాగండి.

అయితే భుజం నొప్పులన్నీ ఒకటి కావు. నలభై దాటిన ఆడవాళ్ళకు, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు, భుజం మెల్లగా బిగుసుకుని జాకెట్టు హుక్కులు పెట్టుకోలేని స్థితి వస్తుంది. అలా అయితే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి, చెయ్యి కదలిక మానకూడదు. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే అది భుజం జబ్బు కాదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

మన మెట్ట ప్రాంతానికి ఇంకో సంగతి కూడా ఉంది. నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఎముకలు, కీళ్ళు బిగుసుకునే జబ్బు గురించి మన దేశంలో తొలిసారి 1937లో వైద్యులు వివరంగా రాసింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. ఉదయగిరి వైపు బోరు నీళ్ళలో ఇప్పటికీ ఆ బెడద ఉంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి మెడ, నడుం, భుజాలు కలిసి బిగుసుకుంటుంటే తాగే నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇంకి ఇంకా చిక్కబడుతుంది.

కండకు తిండి మనింట్లోనే

వేలు పోసి డబ్బా పొడులు కొనక్కర్లేదు. వంద గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులున్నాయి. వేరుసెనగల్లో 24, 25 గ్రాములు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో మరో 6. అరవై కిలోల బరువుండి వ్యాయామం చేసే అబ్బాయికి రోజుకు 90 గ్రాముల దాకా చాలు. పప్పు, గుడ్లు, పెరుగు, గుగ్గిళ్ళు, వీలైన రోజు చేపో కోడో పెడితే లెక్క సరిపోతుంది.

ఉలవ గుగ్గిళ్ళు: గ్లాసు ఉలవలు ఏరి, రాళ్ళు లేకుండా కడిగి రాత్రి నానబెట్టండి. పొద్దున ఆ నీళ్ళు వంచి, మునిగేదానికి రెట్టింపు నీళ్ళు పోసి, ఉప్పు వేసి కుక్కరులో అయిదారు కూతలు రానివ్వండి. వడగట్టిన నీళ్ళు పారబోయకండి. చింతపండు, మిరియాలు వేస్తే మధ్యాహ్నానికి చారు! మూకుడులో రెండు చెంచాల నూనె వేసి ఆవాలు, ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లిపాయ ముక్కలు వేయించి, ఉలవలు పోసి కలపండి. దించాక కొబ్బరి కోరు, నిమ్మరసం చల్లండి. సాయంత్రం పరుగు నుంచి వచ్చిన అబ్బాయికి ఒక గిన్నెడు పెట్టండి.

ఇంటాయనకు చదివి వినిపించండి

చెల్లీ, చివరగా మీ ఇంటాయనకు ఈ మాట చదివి వినిపించండి. ఓర్పంటే నొప్పి దాచుకుని బరువెత్తడం కాదు. ఎనిమిది వారాలు ఓపిక పట్టి, తోటి పిలకాయలు నవ్వినా ఖాళీ కడ్డీతో మళ్ళీ మొదలుపెట్టడం. అందుకు బరువెత్తేదానికన్నా ఎక్కువ మగతనం కావాలి! అబ్బాయిని తిట్టకండి, భయపెట్టకండి. నొప్పి దాచుకున్నాడంటే ఉద్యోగం చేజారుతుందన్న దిగులుతోనే. "పరుగు నీ కాళ్ళలో ఉంది, కొలత నీ వీపులో కూడా ఉంది, భుజం మానేదాకా ఆ రెండూ చూసుకో నాయనా" అని చెప్పండి. చొక్కా నొప్పి లేకుండా విప్పుకున్న రోజున నాకో కార్డు ముక్క రాయండి.

వచ్చే వారం: గంటల తరబడి నిలబడి వంట చేసేవారికి మడమ నొప్పి ఎందుకొస్తుంది, ఎలా తగ్గించుకోవాలి.